పచ్చదనం చాటున పరాయి మొక్క

హైదరాబాద్: నగరంలో ఎన్ని రకాల మొక్కలున్నాయన్న లెక్క ఒక్కటే చూస్తే వృక్షసంపద పెరుగుతున్నట్లే కనిపిస్తుంది. నర్సరీల నుంచి కొత్త జాతులు వస్తూనే ఉన్నాయి. ఉద్యానవనాల్లో, రహదారుల డివైడర్లపై, అపార్ట్‌మెంట్ల ప్రాంగణాల్లో వాటికి చోటు దొరుకుతూనే ఉంది. అయితే ఈ లెక్క మోసం చేస్తుంది. కొత్తగా చేరుతున్న జాతులు హైదరాబాద్‌లోనైనా, చెన్నైలోనైనా, సింగపూర్‌లోనైనా దాదాపు ఒకటే. తొలగిపోతున్నవి మాత్రం దక్కను పీఠభూమి రాతి నేలకు, అరకొర వానలకు అలవాటుపడ్డ మొక్కలు. జాతుల సంఖ్య తగ్గకపోయినా ఊరూరా భిన్నంగా ఉండవలసిన వృక్షసంపద ఒకే మూసలోకి మారిపోవడాన్ని శాస్త్రజ్ఞులు జీవ ఏకరూపతగా వ్యవహరిస్తారు.

విదేశీ మొక్కలన్నీ హానికరమనుకోవడం కూడా పొరపాటే. సీతాఫలం, జామ, బొప్పాయి, మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. బతుకమ్మలో పేర్చే బంతి, గుమ్మడి పూలదీ అదే పుట్టిల్లు. మడగాస్కర్ నుంచి వచ్చిన గుల్‌మొహర్, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నిద్రగన్నేరు దశాబ్దాలుగా నగర రహదారులకు నీడనిస్తున్నాయి. ఇవి నాటిన చోటనే ఉంటాయి. మనిషి నాటకుండానే తనంతట తాను వ్యాపించి, పక్క మొక్కను బతకనీయని జాతులతోనే అసలు చిక్కు. వీటినే ఆక్రమణ జాతులంటారు.

కమలాపురం నుంచి నగరానికి..

ఈ కోవలో ముందుగా చెప్పుకోవలసింది సర్కారు తుమ్మ. అమెరికా ఖండానికి చెందిన ఈ చెట్టును 1877లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు కడప జిల్లా కమలాపురంలో నాటించారు. బంజరు నేలలు పచ్చబడాలని, వంటచెరకు దొరకాలని వారి ఉద్దేశం. ఆ మేరకు అది నెరవేరింది కూడా. పేదల పొయ్యిలోకి కట్టె, బట్టీలకు బొగ్గు ఇచ్చిన చెట్టు ఇదేనన్నది కాదనలేని సంగతి. కానీ మేకలు, పశువులు దాని కాయలు తిని విసర్జించిన గింజలు మరింత తేలికగా మొలకెత్తుతాయి. కొట్టేస్తే మొదలు నుంచి గుబురుగా చిగురిస్తుంది. రాలిన ఆకుల్లోని రసాయనాలు కింద ఇతర విత్తనాలను మొలవనీయవు. నగరంలో చెరువు శిఖం భూములు, నాలా గట్లు, రైలు పట్టాల అంచులు దీనికి స్థావరాలయ్యాయి. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి దీనికి దగ్గరి బంధువు. కాకపోతే జమ్మి నిదానంగా పెరుగుతుంది, ఈ పరుగులో వెనుకబడుతుంది.

పత్రి మొలిచే జాగాల్లో వయ్యారిభామ

ఖాళీ ప్లాట్లదీ ఇదే కథ. వినాయక చవితికి వాడే 21 పత్రుల్లో ఉత్తరేణి, వాకుడు, విష్ణుక్రాంతం, జిల్లేడు, గరిక వంటివి ఇలాంటి జాగాల్లో ఎవరూ నాటకుండానే మొలిచేవి. బతుకమ్మకు తంగేడు, గునుగు కూడా వాడ చివరి బీడులోనే దొరికేవి. ఇళ్లు కట్టగా మిగిలిన జాగాల్లో చాలాభాగం ఇప్పుడు వయ్యారిభామ వశమైంది. అమెరికా ఖండం నుంచే వచ్చిన ఈ కలుపును 1950ల మధ్యలో పుణె పరిసరాల్లో గుర్తించారు. ఆ తరువాత అది దేశమంతటా పాకింది. ఒక్కో మొక్క వేలాది గింజలను రాలుస్తుంది. మొలిచిన నెల, నెలన్నర రోజులకే పూతకు వస్తుంది. ఇందులోని పార్థెనిన్ అనే పదార్థం చుట్టుపక్కల మొక్కల ఎదుగుదలను అడ్డుకుంటుంది. మనుషుల్లో చర్మవ్యాధులకు, పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులకు కారణమవుతుంది. దీని ఆకు మాచిపత్రిని పోలి ఉండటంతో పత్రి కొనేవారు జాగ్రత్తపడటం మంచిది. నలిపినప్పుడు మాచిపత్రి సువాసన వెదజల్లుతుంది.

మొక్క పోతే దానితోపాటు మరికొన్ని పోతాయి. నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక గొంగళి ప్రధానంగా జిల్లేడు ఆకు తిని పెరుగుతుంది. వయ్యారిభామ ఆకు దాని ఆహారం కాదు. వయ్యారిభామను తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో తొలిసారిగా వదిలారు. వానాకాలంలో అది బాగానే పనిచేస్తుంది గానీ ఎండాకాలంలో నేలలో దాగి ఉంటుంది. మొక్క మాత్రం తడి ఉన్న చోటల్లా ఏడాది పొడవునా మొలుస్తుంది.

చెరువుల్లో తామర, కలువల చోటును అమెజాన్ ప్రాంతపు గుర్రపు డెక్క ఆక్రమించిన సంగతి నగరవాసులకు కొత్త కాదు. మురుగునీరు చేరినంత కాలం దానికి ఎరువు కరవుండదు.

కోనోకార్పస్ సంగతి కాస్త వేరు. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, నీరు అంతగా అక్కర్లేదు. అందుకే రహదారుల వెంట వరుసలుగా నాటారు. విమర్శలు రావడంతో తెలంగాణ ప్రభుత్వం 2022లో హరితహారం నుంచి దీనిని తప్పించింది. గుజరాత్ 2023లో నిషేధించింది. పుప్పొడి వల్ల వచ్చే జబ్బుల గురించి సాగిన ప్రచారంలో అతిశయోక్తి లేకపోలేదు. అంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. కిలోమీటర్ల పొడవునా ఒకే చెట్టు ఉంటే వేప, కానుగ, రేల, మోదుగలకు చోటెక్కడిది?

ఈ లోపం విదేశీ మొక్కకే పరిమితం కాదు. విశాఖపట్నంలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లను నేలకూల్చిన తరువాత ఏడాకుల పాల మొక్కలను విరివిగా నాటారు. అది మన దేశపు చెట్టే. అయినా శీతాకాలంలో దాని పూల ఘాటు వాసన భరించలేకపోతున్నామని నగరవాసులు ఫిర్యాదు చేశారు.

హైదరాబాద్ నేల ఒకప్పుడు ఎలా ఉండేదో చూడాలంటే 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కేబీఆర్ పార్కులో మిగిలిన పొదల అడవే కొంత ఆధారం. మిగతా చోట్ల పునరుద్ధరణకు ఓపిక కావాలి. వయ్యారిభామను పూతకు రాకముందే చేతికి తొడుగులు వేసుకుని వేళ్లతో పెరకాలి. సర్కారు తుమ్మను నరికితే చాలదు, మొదలుతో సహా తవ్వి తీయాలి. అలా తీసిన నేలను ఖాళీగా వదిలేస్తే మాత్రం తొలకరికే అక్కడ వయ్యారిభామ మొలుస్తుంది. కాబట్టి తంగేడు, కానుగ, జమ్మి మొక్కలను ముందే సిద్ధం చేసుకుని ఆ తరువాతే గునపం పట్టాలి.