టికెట్ లేని షికారు, పద్దుకెక్కని ఖర్చు

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబర్ నుంచి అధికారికంగా శ్రీవిజయపురం) కుటుంబంతో ఒక ఆదివారం సాయంత్రం ఖర్చు లేకుండా గడపాలంటే అబెర్డీన్ బజార్ ప్రాంతానికి మించినది లేదు. గడియార స్తంభం చూసుకుని, జింఖానా మైదానం పక్కగా కిందికి దిగి, మెరీనా పార్కు చేరి సముద్రపు గట్టున కూర్చోవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. కాబట్టి గట్టు మీద మన మాట వినబడుతూనే ఉంటుంది.

మనవరాలితో ఒకసారి అలాగే వెళ్లాం. మొత్తం ఖర్చు: బస్సు చార్జీ, రెండు పొట్లాల ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. పార్కు పక్కనే వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్సులో ఒక స్మారక చిహ్నం ఉంది. అది చూసి, "తాతయ్యా, ఇక్కడ యుద్ధం జరిగిందా?" అని అడిగింది. "సెలవు రోజు కూడా పిల్లకి చావుల కథలెందుకు నాన్నా?" అని మావాడు విసుక్కున్నాడు. కానీ అడిగింది పిల్లే. అడిగినప్పుడు దాటవేయడం హేతువాదికి తగదు.

1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ శిక్షా స్థావరం మొదలుపెట్టారు. అడవులు నరికారు. ఆ నేల అండమానీయులది. 1859 మేలో వాళ్లు విల్లంబులతో అబెర్డీన్ మీద దాడికి దిగారు. ఆ సంగతి దూద్‌నాథ్ తివారీ ముందే చేరవేశాడు. ఇతను 1857 తిరుగుబాటులో శిక్షపడ్డ సిపాయి. స్థావరం నుంచి పారిపోయి, ఏడాది పాటు వాళ్ల మధ్యే బతికి, తిరిగొచ్చి సమాచారమిచ్చాడు. ప్రతిఫలంగా క్షమాభిక్ష పొందాడు. అండమానీయుల ఏర్పాట్ల గురించి మనకు అందినది ప్రధానంగా ఇతని వాంగ్మూలమే. లాభపడిన సాక్షి ఒక్కడే చెప్పిన మాటను ఏ ఆడిటరైనా ఇంకో కాగితంతో సరిచూడకుండా ఒప్పుకుంటాడా? ఇక్కడ ఆ ఇంకో కాగితం లేదు. ఓడినవాళ్లకు లిపి లేదు.

కానీ జనాభా లెక్కలున్నాయి. గ్రేట్ అండమానీయులు 1901లో 625 మంది. 1931లో 90. 1961లో 19. ఎక్కువమందిని చంపినవి తుపాకులు కావు, బయటివాళ్లతో వచ్చిన తట్టు, సిఫిలిస్, ఇన్‌ఫ్లుయెంజా. ఇందులో దైవశాపమూ లేదు, విధిరాతా లేదు. రోగనిరోధక శక్తి లేని జనంలోకి రోగాన్ని మోసుకెళ్లిన పాలన ఉంది.

అక్కడినుంచి జింఖానా మైదానానికి వచ్చాం. 1943 డిసెంబర్ 30న నేతాజీ ఇక్కడ త్రివర్ణ పతాకం ఎగరేశారు. ఇది నిజం, గర్వించదగ్గ నిజం. అదే రోజు ఇదే ఊళ్లో సెల్యులార్ జైలులో డాక్టర్ దివాన్ సింగ్ జపాన్ వాళ్ల చిత్రహింసల్లో ఉన్నారు. పంజాబీ కవి, స్థానిక ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకుడు ఆయన. పతాకం ఎగిరిన రెండు వారాలకు, 1944 జనవరి 14న చనిపోయారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న అనుమానంతో జపాన్ సైనికులు కాల్చి చంపారు. నేతాజీకి ఆ హింస తెలియనివ్వలేదని చాలామంది చెబుతారు. కావచ్చు. ఆయన మీద గౌరవం వేరు, ఆ రోజు పూర్తి లెక్క చెప్పడం వేరు. మొదటిది ఉందని రెండోది మానేస్తే అది చరిత్ర కాదు, భజన.

రక్షణ శాఖ ఖాతాల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. జమ రాసి ఖర్చు రాయని పుస్తకం మీద సంతకం పెట్టేవాళ్లం కాదు. పిల్లలకు మనం చెప్పే చరిత్రకూ అదే నియమం ఉండాలి.

ఆదివారం షికారు మానమని చెప్పడం లేదు. తప్పక వెళ్లండి. కానీ ఏ స్మారకం ముందు నిలబడినా పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పలక మీద ఎవరి పేరు లేదు?" దానికీ టికెట్ లేదు. తిరుగు బస్సులో మా మనవరాలు నన్నడిగింది: "ఆ పందొమ్మిది మంది పేర్లేంటి తాతయ్యా?" నేను చెప్పలేకపోయాను.