దివిసీమ ఉప్పెన - పరిశోధకుల పాత్ర

1977 నవంబరు 19 శనివారం నాటి ఉప్పెనను కృష్ణా జిల్లా పెన్షనర్లలో మరచినవారు ఉండరు. దివి తాలూకాలో సముద్రం 15 అడుగులకు పైగా లేచి మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. మృతులు సుమారు 10,000 అని తేల్చారు. ఆ లెక్క మీద నాకు నమ్మకం తక్కువ. సహాయ జాబితాలు రాసిన గుమస్తాలలో నేనూ ఒకడిని. అప్పటికింకా కరణాలు ఉన్నారు. వారి లెక్కలు, ఇంటి పట్టాలే మాకు ఆధారం. పొలం పనులకు పై ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు, కాలువ గట్టున గుడిసె వేసుకున్నవారు ఏ పుస్తకంలో ఉంటారు?

ఈ సంగతి కాగితం మీదకు రావడానికి పరిశోధకులు కావలసివచ్చారు. పీటర్ వించెస్టర్ అనే ఆయన కృష్ణా డెల్టా గ్రామాలను ఏళ్ల తరబడి పరిశీలించి 1992లో ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రచురించారు. సముద్రానికి ఎంత దగ్గర, ఇల్లు ఎంత గట్టిది అన్నవే కాదు. భూమి, పశువులు, అప్పు పుట్టే పరపతి ఉన్న కుటుంబం త్వరగా లేచి నిలబడుతుంది, లేనిది పదేళ్లయినా కోలుకోదు అని ఆయన వాదన. పక్కా ఇళ్లు కట్టించి పని అయిపోయిందనుకునే మా బోటి వారికి ఇది రుచించని మాటే. అయినా నిజం.

వాతావరణ శాస్త్రజ్ఞుల మేలూ చెప్పుకోవాలి. 1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రమైన తుపాను మన తీరాన్నే తాకింది. ఉపగ్రహ హెచ్చరికలు, తుపాను షెల్టర్లు, లక్షల మంది తరలింపు వల్ల మరణాలు వెయ్యి లోపే ఆగాయి. తరువాత స్వామినాథన్ ఫౌండేషన్ వారు కృష్ణా, గోదావరి ముఖద్వారాలలో పాడైన మడ అడవులకు పోటు నీరు ఎక్కేలా కాలువలు తవ్వించి మొక్కలు నాటించారు. అందులో నాకు నచ్చింది, బెస్తవారిని కూర్చోబెట్టి మాట్లాడడం. నీరు ఎటు నడుస్తుందో వారికంటే ఎవరికి తెలుసు?

ప్రమాదం జరిగిన వారంలోనే ప్రశ్నల కాగితాలతో దిగి, శవాల పక్కన వివరాలు అడిగేవారు వద్దు. అన్నం, నీళ్లు అందాక రావాలి, మళ్లీ మళ్లీ రావాలి, తేలినదాన్ని తెలుగులో పంచాయతీకి చెప్పాలి.

ఆనాడు పెద్దవాళ్లుగా ఉన్నవారు తగ్గిపోతున్నారు. ఏ యూనివర్సిటీ పిల్లవాడైనా మీ ఇంటికి వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపించండి. జాబితాలో లేని పేర్లు మీకు గుర్తుంటే అవీ రాయించండి.