సముద్రపు అడుగుమన్ను

బోరు దింపి, పైకి వచ్చిన రాతికడ్డీలను వరుసగా పేర్చి, ఏ లోతున బొగ్గుపొర యున్నదో చదువుట మందమర్రి గనులవారికి కొత్త విద్య కాదు. సముద్రపు అడుగుమన్నును పరీక్షించుటయు ఇంచుమించు అట్టిదే. పైగా ఆ ప్రాంతపు ఒండ్రు గోదావరి వెంట పోయి కడకు చేరునది బంగాళాఖాతమునే. జలాశయములు వెలసిన పిదప అందులో చాలభాగము దారిలోనే ఆగిపోవుచున్నదనుట వేరుమాట.

ఛాలెంజరను ఆంగ్లనౌక 1872 నుండి 1876 వరకు సముద్రములు తిరిగి అడుగుమన్నులను సేకరించెను. మన తీరమున ఈ కృషికి 1950 దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పూనుకొనెను. 1952లో అమెరికానుండి లఫాండు పండితుడు వచ్చెను. భూగర్భశాస్త్రాచార్యులు మహదేవన్‌గారును వారి శిష్యులును మన్నులను పరిశీలించిరి. నౌకాదళపు ఓడలు తోడ్పడెను. నాటి ప్రశ్న సముద్రగర్భ మెట్టిదని మాత్రమే. విశాఖ రేవుచుట్టు కర్మాగారములు పెరిగిన పిమ్మట, అందేమి చేరుచున్నదను ప్రశ్న పుట్టెను.

దీనికి నీటికంటె మన్నే మంచి సాక్షి. నీరు ఆటుపోట్లతో మారిపోవును. సీసము, రాగి, తుత్తునాగము వంటి లోహములు సన్నని బంకమట్టిని అంటుకొని నిలిచిపోవును. ఇసుకకు ఆ గుణము తక్కువ. కావున రేణువుల పరిమాణము చూడక రెండుచోట్ల మన్నును పోల్చినచో, ఇసుకమేటగల చోటు నిర్మలమని భ్రమపడుదుము.

దవడలవంటి పనిముట్టు పైపొరను మాత్రమే కరచి తెచ్చును. గొట్టమును నిలువుగా దింపినచో పొరలు చెదరవు. సీసము-210 అను రేడియోధార్మిక పదార్థము సుమారు 22 ఏండ్లకు సగమగును గనుక, దానినిబట్టి గడచిన నూరేండ్ల పొరలకు వయస్సు కట్టుదురు. కర్మాగారములకు పూర్వపు మన్ను గొట్టపు అడుగున దొరకును. పై మన్నును దానితోనే సరిచూతురు.