ఒంగోలు మిషన్ బోధకులు: జీతం, మేర, పూచీ

ఒంగోలు బాప్టిస్టు సంఘం 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో మొదలయింది. 1883 నాటికి ఆ సంఖ్య సుమారు 21,000కు చేరి, ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘంగా దానికి పేరు వచ్చింది. ఈ ఎదుగుదలను వివరించినవారు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. ఒకటి, అమెరికన్ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దక్షత. రెండు, 1876-78 నాటి మహా కరువు. రెండింటిలోనూ నిజముంది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. సరైన బాటలు లేని ప్రాంతంలో, వందలాది పల్లెల్లో చెదిరి ఉన్న వేలాదిమంది పేదలను ఒక సంఘంగా పట్టి ఉంచిందెవరు? ఆ పని చేసినవారిని పోషించిందెవరు, వారిని లెక్క అడిగిందెవరు, తగవు వస్తే తీర్పు చెప్పిందెవరు?

పేరయ్య తెచ్చిన పలుకుబడి

అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషన్ స్థాపించాడు. పాతికేళ్ళ పాటు అందులో చేరినవారు బహు కొద్దిమంది. దాన్ని మూసివేయాలన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. తెలుగు నేల మీద వారికున్నది ఆ ఒక్క స్థావరమే కనుక 'ఒంటి నక్షత్రం' అన్న పేరు దానికి స్థిరపడింది. క్లౌ 1865లో వచ్చి, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ అనుభవం తరవాతి కాలంలో అనుకోని విధంగా అక్కరకు వచ్చింది.

1866లోనే తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు. అంతకుముందే ఒక యోగ సంప్రదాయంలో ఉపదేశం పొంది, పల్లెల్లో తన మాట వినేవారిని సంపాదించుకున్నవాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు చింతతోపులో గుడారం వేసుకున్నప్పుడు, చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చిన 28 మంది బాప్తిస్మం పొందారు. వారిని అక్కడికి రప్పించింది పేరయ్య మాట. ఒంగోలులో ఆనాటికి క్లౌకు మాదిగపల్లెల్లో పరిచయాలే లేవు.

ఇక్కడొక ముఖ్యమైన తేడా ఉంది. మిషన్లు సాధారణంగా చేసే పని, బడిలో కుర్రవాణ్ణి చదివించి, జీతం నిర్ణయించి, పరాయి ఊరికి పంపడం. ఒంగోలు తొలి బోధకుల్లో పలువురు అలా తయారైనవారు కారు. వారికి పల్లెల్లో బంధుత్వాలున్నాయి, కొందరికి గురుస్థానం కూడా ఉంది. మిషన్ వారికి కొత్త సందేశాన్నిచ్చింది. పలుకుబడి వారే వెంట తెచ్చుకున్నారు. బోధకులకు శిక్షణ ఇచ్చేందుకు రామాపట్నంలో వేదాంత పాఠశాల 1872లో గాని ఏర్పడలేదు. పని ముందు మొదలయింది, చదువు తరవాత వచ్చింది.

కళ్ళంలో మేర

బోధకుడి బతుకుతెరువు సంగతి ఆనాటి పల్లె ఆర్థిక వ్యవస్థను బట్టే అర్థమవుతుంది. మాదిగలు రైతులకు చెప్పులు, మోటతోలుకు కావలసిన తోలుసామాను చేసి ఇచ్చేవారు. పండగల్లో డప్పు కొట్టేవారు. గ్రామాధికారులకు వెట్టి చేసేవారు. ప్రతిఫలంగా కళ్ళం దగ్గర ధాన్యంలో 'మేర' అందేది. డబ్బు చేతికి రావడం అరుదు. అటువంటివారు నెలనెలా చందా వేసి బోధకుడికి జీతం ఇవ్వాలంటే కుదిరే పని కాదు. కాని వచ్చిన గురువుకు అన్నం పెట్టడం, పంట రోజుల్లో దోసెడు గింజలు పంపడం వారికి తెలిసిన మర్యాదే. ఒంగోలు ఏర్పాటు దీన్నే ఆనుకుని నడిచింది. మిషన్ కొద్దిపాటి సొమ్ము ఇచ్చేది. మిగతాది బోధకుడు పల్లెల ఆదరణ మీద నెట్టుకురావాలి.

బోధకుడి కింద జీతం లేని పెద్దలు ఉండేవారు. మాదిగపల్లెలో పంచాయతీ పాత వ్యవస్థ. కులతగవులు, పెళ్ళి వ్యవహారాలు అక్కడే తీరేవి. క్లౌ దాన్ని తీసివేయక, సంఘ నిర్వహణకు ఆసరాగా నిలుపుకున్నాడు. కొత్తగా చేరినవారిలో తప్పతాగినవాణ్ణి మందలించడం, భార్యాభర్తల గొడవ సర్దడం, ఆదివారం ప్రార్థనకు జనాన్ని కూర్చడం పల్లె పెద్దల బాధ్యత. చచ్చిన గొడ్డు మాంసం మానినందుకు, జాతరలో డప్పు కొట్టనన్నందుకు, ఆదివారం వెట్టికి రానన్నందుకు రైతులు మేర ఆపినప్పుడు, నీళ్ళ దగ్గర అడ్డుపడినప్పుడు, మొదటి దెబ్బ కాచుకున్నదీ వారే. ఒంగోలునుంచి దొర కబురందుకుని వచ్చేలోగా ఊరితో ఎదురుపడి మాట్లాడవలసింది ఆ పల్లెవాళ్ళే కదా!

వీటన్నిటినీ కలిపిన ముడి, మూడు నెలలకొకసారి ఒంగోలులో జరిగే సమావేశం. బోధకులు కాలినడకన వచ్చి తమ ప్రాంతపు సంగతులు అందరి ముందూ చెప్పేవారు, పాఠం వినేవారు, సొమ్ము అందుకుని తిరిగి వెళ్ళేవారు. నివేదిక, శిక్షణ, జీతం మూడూ ఒకే చోట జరిగేవి. ఒక బోధకుడు చెప్పిన మాటకు పక్క ప్రాంతపు బోధకుడు సాక్షి. కాగితాల మీద నడిచే తనిఖీ కంటే ఈ ఎదురెదురు సాక్ష్యం బలమైనది.

కాలువ గట్టు మీద

ఈ వ్యవస్థకు అసలు పరీక్ష కరువులో వచ్చింది. 1876లో వానలు ముఖం చాటేశాయి. ఆకలి వెనకే కలరా వచ్చింది. మద్రాసు, బెజవాడలను కలిపే బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని ప్రభుత్వం కరువు పనిగా చేపట్టింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ళ పనిని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కనుక కొలతలు తానే చూసుకోగలిగాడు. మేస్త్రీలుగా తన బోధకులను పెట్టాడు. మామూలుగా మేస్త్రీ అంటే కూలి కోత, బూతులు, దెబ్బలు. ఇక్కడ మేస్త్రీ స్థానంలో నిలబడినవాడు కూలివాళ్ళ చుట్టమో, ఒకే కులంవాడో. మధ్యాహ్నం పని ఆగిన వేళ చెట్టు నీడన అతనే బోధకుడు.

ప్రమాదమూ అక్కడే పొంచి ఉంది. కూలి ఇచ్చే చెయ్యి, కరువు సాయం పంచే చెయ్యి, బాప్తిస్మం ఇచ్చే చెయ్యి ఒకటే అయితే, చేరేవాడు అన్నం కోసం చేరాడో విశ్వాసంతో చేరాడో తేల్చేదెలా? క్లౌ ఈ చిక్కును గుర్తించాడు. సుమారు పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు పూర్తిగా ఆపివేశాడు. సహాయం పంచే పని ముగిసిన తరవాత, 1878 జూన్‌లో గాని మళ్ళీ మొదలుపెట్టలేదు.

జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. దీన్ని అద్భుతంగా వర్ణించినవారు ఎక్కువమంది. అందులోని పని విభజన మీద దృష్టి పెట్టినవారు తక్కువ. వచ్చిన జనం ఊరివారీగా, తమ తమ బోధకుల చుట్టూ కూర్చున్నారు. ఎవరిని చేర్చుకోవచ్చో, ఎవరిని ఆపాలో చెప్పగలిగినవాడు, వాళ్ళ ఇల్లూ వాకిలీ ఎరిగిన ఆ బోధకుడే. పూచీ అతనిది. నీళ్ళలో దిగినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ, సుమారు తొమ్మిది గంటల్లో పని ముగించారు. క్లౌ ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు; గట్టున ఉండి ఏర్పాట్లు చూసుకున్నాడు. జూన్ మధ్యనుంచి జులై నెలాఖరులోగా చేరినవారు మొత్తం 9,606 మంది.

అధికారం ఎక్కడ ఆగింది

ఇంత నమ్మకం ఉంచిన ఏర్పాటులో బోధకులకు పూర్తి అధికారం దక్కిందా? లేదు. బాప్టిస్టు సిద్ధాంతం ప్రకారం ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రమైనది. తన కాపరిని తానే ఎన్నుకుని, తానే పోషించుకోవాలి. ఒంగోలులో మాత్రం వేలాది సభ్యులు, వందలాది పల్లెలు ఒకే సంఘం. స్థానిక సంఘాలు తమ కాళ్ళ మీద తాము నిలబడాలన్న ఒత్తిడి అమెరికానుంచి ఉండేది. సూత్రంగా అది న్యాయమే. కాని మేర ఆగిపోతే పస్తుండే మనిషిమీద జీతభారం మోపడం, సూత్రం చేసిన మేలు కంటే ఎక్కువ కీడు చేసే అవకాశమూ ఉంది. మరోపక్క, సొమ్ము ఒంగోలు బంగళానుంచి వచ్చినన్నాళ్ళూ చివరి మాట కూడా బంగళాదే. పూచీ పల్లెలో, పద్దు బంగళాలో ఉన్న ఈ ఎడం క్లౌ కాలంలో తీరలేదు.

1883 ప్రాంతంలో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు స్థావరాలయ్యాయి. ఒక్కొక్క చోటికీ ఒక్కొక్క మిషనరీ వచ్చాడు. పర్యవేక్షణ దగ్గరయింది, అదే కారణాన, దొర దూరంగా ఉన్న రోజుల్లో బోధకుడికి దక్కిన స్వేచ్ఛకు జాగా తగ్గింది.

క్లౌ 1910లో మరణించాడు. ఒంగోలులో ఆసుపత్రికి ఆయన పేరు, దేవాలయానికి ఆయన ముందటి మిషనరీ లైమన్ జ్యుయెట్ పేరు నిలిచాయి. పేరయ్య, ఆయన తోటివారి కథలు మనకు దక్కడానికి కారణం క్లౌ రెండవ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ. మాదిగ బోధకులు చెప్పిన సంగతులను సేకరించి ఆమె 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అన్న పుస్తకంగా ప్రకటించింది. అందులో వారు దొరకు సహాయకులుగా మాత్రమే కనిపించరు; మిషన్ రాకముందే సత్యం కోసం గురువులను వెతుక్కుంటూ తిరిగిన మనుషులుగా కనిపిస్తారు. ఒంగోలు సంఘాన్ని నిలబెట్టిన పెట్టుబడి అదే. అది బోస్టన్ పద్దులకు ఎక్కలేదు.