తెల్లచీర నుంచి యాపిల్ పండు దాకా

హిందీ సినిమా దయ్యం అనగానే మనకు ఎవరు గుర్తొస్తారు? తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకున్న ఆడమనిషే కదా! మగదయ్యాలు లేవని కాదు, కానీ ఏళ్ళ తరబడి భయం బరువు మోసింది మాత్రం ఆడవాళ్ళే.

1949లో కమాల్ అమ్రోహీ తీసిన ‘మహల్’లో పాత బంగళాలో ఆత్మలా తిరిగే మధుబాల, తీరా చూస్తే తోటమాలి కూతురు. 1964లో రాజ్ ఖోస్లా తీసిన ‘వో కౌన్ థీ’లో వానరాత్రి తెల్లచీరలో సాధన కనిపిస్తుంది. దాని వెనకున్నది దయ్యం కాదు, ఆస్తి కోసం పన్నిన కుట్ర. తర్వాత రామ్సే సోదరులు నిజం దయ్యాలనే దింపారు. వాళ్ళ ‘పురానా మందిర్’ (1984)లో శాపం కూడా ఆ వంశపు ఆడపిల్లల పురుటి మీదే పడింది.

మన రాంగోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’ తీసి, దయ్యాన్ని పాడుబడ్డ కోటల నుంచి మనలాంటి వాళ్ళ ఇళ్ళకు తీసుకొచ్చాడు. అప్పుడు రేవతికి పట్టింది, 2003లో ‘భూత్’లో ఊర్మిళకు పట్టింది. ఇల్లు మారింది గానీ, పూనకం మాత్రం మనకే!

అదే 2003లో వర్మ నిర్మాతగా, ప్రవాల్ రామన్ దర్శకత్వంలో ‘డర్నా మనా హై’ వచ్చింది. కారు చెడిపోయి అడవిలో చిక్కుకున్న ఏడుగురు స్నేహితులు కాలక్షేపానికి చెప్పుకునే ఆరు కథలు. ఒకే టిక్కెట్టుకు ఆరు కథలంటే అప్పటికి కొత్తే.

మరి భయం వేస్తుందా అంటే, అన్నిటికీ వేయదండీ. సిగరెట్ మాన్పించడానికి బొమన్ ఇరానీ పడే పట్టుదల చూస్తే సైఫ్ అలీఖాన్ మీద జాలి, మధ్యలో నవ్వు కూడా వస్తాయి. నానా పాటేకర్, వివేక్ ఒబెరాయ్ కారు ప్రయాణం ఒక చమత్కారం.

కానీ శిల్పాశెట్టి కథ వేరు. ఆమె మామూలు గృహిణి. పళ్ళమ్మే రాజ్‌పాల్ యాదవ్ కారుచౌకగా యాపిల్స్ అంటగడతాడు. ఆమెకు ఏదో అనుమానం. భర్త మాత్రం హాయిగా తినేస్తాడు. తెల్లారేసరికి మనిషి లేడు, యాపిల్ పండు ఉంది!

నోటితో చెబితే పిల్లలు కూడా నవ్వుతారు. కానీ ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువుకూ గుమ్మం దగ్గర కాపలా మనమే కదా. బేరం కుదిరిందని సంతోషిస్తూనే, ఇంత చౌకగా ఎందుకిచ్చాడా అని వాసన చూసేదీ మనమే. ‘నీదంతా అనుమానం’ అనిపించుకునేదీ మనమే. రేపు ఎవరికి కడుపునొప్పి వచ్చినా, ‘ఎక్కడ కొన్నావ్?’ అని మొదట అడిగేది మనల్నే.

ఇన్నేళ్ళూ మనల్ని చూపించి జనాన్ని భయపెట్టారు. ఈ చిన్న కథలో మాత్రం భయపడే మనిషి మనం. ఇంటిల్లిపాదినీ కనిపెట్టుకుని ఉండేవాళ్ళకే తెలిసిన భయం అది. దానికి తెల్లచీర అక్కర్లేదు, సంచీలో కిలో పళ్ళు చాలు.