ఒక పాత లారీ – బ్రేకుల కథ

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. కోటల గురించి, దేవాలయాల గురించి రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను లారీ బ్రేకుల చరిత్ర రాస్తున్నాను. గుమాస్తాకు లారీతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. ఆ పని ఎలా పడిందో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

1970లలో నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాను. అప్పటికి పెద్దపల్లి కరీంనగర్ జిల్లాలో ఉండేది. జిల్లా అయింది 2016 అక్టోబరు 11న. ప్రమాదాల కాగితాలకు నకళ్లు రాసేటప్పుడు "బ్రేకులు ఫెయిలైనందున" అన్న మాట నా కలం కింద ఎన్నోసార్లు నడిచింది. పిడుగు పడినట్టు, వరద వచ్చినట్టు బ్రేకు కూడా దానంతటదే పోతుందనుకుని రాసేవాణ్ణి. ఆ అభిప్రాయం తప్పని 1978లో తెలిసింది.

ముందుగా చరిత్ర. మోటారు బండ్లు వచ్చిన కొత్తలో బ్రేకులన్నీ ఇనుప కడ్డీలు, తీగలతో లాగేవే. ఒక తీగ సాగితే ఒక చక్రం ఆగేది, రెండోది ఆగేది కాదు, బండి పక్కకు గుంజేది. ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్న సూత్రాన్ని ఫ్రాన్సు దేశపు పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. దాన్ని బండి చక్రాలకు అమర్చి 1917లో అమెరికాలో పేటెంటు పొందినవాడు మాల్కం లాక్‌హీడ్. విమానాల కంపెనీకి పేరు వచ్చింది కూడా ఈ సోదరుల ఇంటిపేరు నుంచే. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారుకు, 1924లో క్రైస్లర్ కారుకు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులు వచ్చాయి. హెన్రీ ఫోర్డు మాత్రం కడ్డీలనే నమ్ముకుని 1939 దాకా ఆగాడు.

మొదట్లో సిలిండర్లలో తోలు వాషర్లు వాడితే నూనె కారేది. రబ్బరు కప్పులు వచ్చాకే ఈ పద్ధతి నిలిచింది. ఆ రోజుల్లో బ్రేకు నూనె అంటే ఆల్కహాలు కలిపిన ఆముదమే. ఆముదం రబ్బరును చెడగొట్టదు. మన నల్లగొండ, పాలమూరు చెలకల్లో పండే ఆముదాలకు ఇలాంటి ఉపయోగం ఉందని ఎంతమందికి తెలుసు?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న లారీలు మన దేశంలో ఊరూరా తిరిగాయి. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడిస్ లారీల తయారీ మొదలైంది. బ్రేకుల సామాను తయారు చేసే బ్రేక్స్ ఇండియా కంపెనీ 1962లో మద్రాసులో ఏర్పడింది. అంతకు ముందు ఆ సామాను చాలావరకు విదేశాల నుంచి రావలసిందే.

ఇక మా లారీ. మా అన్న, మా బావ, నేను, మరిద్దరు రైతులం కలిసి 1975లో ఒక పాత లారీ కొన్నాం. అప్పటికే దానికి పదిహేనేళ్లు పైబడ్డాయి. కోతల కాలంలో వడ్లు, మిగతా రోజుల్లో ఎరువులు, ఇటుకలు. రామగుండంలో 1978 నవంబరులో ఎన్.టి.పి.సి. శంకుస్థాపన జరిగింది. అటు బొగ్గు గనులు, ఇటు కొత్త పనులు, కిరాయిలకు కొదువ లేదు. లెక్కలు రాసేది నేను. డబ్బు ఇవ్వాలన్నా ఆపాలన్నా నా చేతిలోనే ఉండేది.

ఆ నవంబరు చివర డ్రైవరు ఇంటికి వచ్చి, "సార్, ఒక్కసారి తొక్కితే బ్రేకు పడుతలేదు. రెండుసార్లు కొడితెనే పడుతాంది" అన్నాడు. నేను బావ మొహం చూశాను. "కోతలు కానియ్యి బావా, ఇప్పుడు బండి ఆపితె ఎట్ల?" అన్నాడు బావ. "ఆయిల్ పోసి నడిపియ్యి, కోతలైనంక చూద్దాం" అని నేను డ్రైవరుకు చెప్పాను. పది రోజుల్లో రెండుసార్లు ఆయిల్ పోశారు. రెండోసారి బ్రేక్ ఆయిల్ దొరకక, చేతికందిన ఇంజన్ ఆయిల్ పోశారు. వద్దనేవాళ్లు లేరు.

డిసెంబరులో ఒక సాయంత్రం వడ్ల బస్తాలతో వస్తుండగా ముందు రైల్వే గేటు వేసి ఉంది. పెడలు అడుగుకు దిగిపోయింది. డ్రైవరు గేరు దించాడు, హ్యాండ్ బ్రేకు లాగాడు, బండిని రోడ్డు పక్క పొలంలోకి తిప్పాడు. గేటు దగ్గర నిలబడ్డ ఎడ్లబండ్లు, మనుషులు బతికారు. బస్తాల మీద కూర్చున్న హమాలీ ఒకాయన కింద పడ్డాడు. బస్తాలు ఆయన కాలు మీద పడ్డాయి. ఆసుపత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం. కాలు అతుక్కుంది గాని ఆయన మళ్లీ బస్తా ఎత్తలేదు.

లారీని గోదావరిఖని లాక్కుపోయి ఒక ముసలి ఉస్తాదుకు చూపించాం. ఆయన మాస్టర్ సిలిండర్ విప్పి నన్ను పిలిచాడు. "గిండ్ల ఏం నూనె పోసిన్రు సార్?" అన్నాడు. లోపలి రబ్బరు కప్పులు నీళ్లలో నానిన సెనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఇంజన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుందట. ఉబ్బిన కప్పు నూనె వెనక్కి పోయే సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. బ్రేకు పూర్తిగా వదలదు, డ్రమ్ము కాలుతుంది, నూనె మరుగుతుంది, ఆవిరి పుడుతుంది. ద్రవం నలగదు గాని ఆవిరి నలుగుతుంది. తొక్కిన బలమంతా ఆవిరిని నలపడానికే పోతే చక్రం దాకా ఏమీ చేరదు. అదీగాక వెనక ఎడమ చక్రం సిలిండర్ ఎప్పటినుంచో కారుతోంది; లైనర్లు నూనెతో తడిసి ఉన్నాయి. ఆ బండికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకే గొట్టాల వరుస. ఒకచోట పోతే అన్నీ పోయినట్టే.

ఉస్తాదు మూడు రోజులు పని చేశాడు. కిరోసిను, పెట్రోలు తాకనివ్వకుండా గొట్టాలన్నీ స్పిరిట్‌తో కడిగాడు. గీతలు పడ్డ సిలిండర్లు మార్చాడు, కొత్త కప్పులు వేశాడు, హోస్ పైపులు మార్చాడు. నూనె తాగిన లైనర్లు ఎంత రుద్దినా పనికిరావని కొత్తవి బిగించాడు. తర్వాత గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలు. నిపుల్‌కు సన్న గొట్టం పెట్టి, దాని కొస నూనె ఉన్న సీసాలో ముంచాడు. కుర్రవాడు పెడలు తొక్కి పట్టుకుంటే ఈయన నిపుల్ వదిలేవాడు; బుడగలు వచ్చేవి; నిపుల్ బిగించాకే పెడలు ఎత్తమనేవాడు. బుడగ రానిదాకా అదే పని. మధ్యలో డబ్బాలో నూనె తగ్గనిచ్చేవాడు కాదు. తగ్గితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.

పోయేటప్పుడు ఆయన చెప్పిన మాట: "బ్రేకు ఒక్కనాడు పోదు సార్. చెప్పి చెప్పి పోతది. ఇనెటోడు ఉండాలె."

ఆయన నన్ను పేరుపెట్టి అనలేదు. డ్రైవరు మాట విననిది నేనేనని నాకు తెలుసు. గనుల్లో పనిచేసే మా బంధువు ఒకాయన షిఫ్టు మొదట్లోనే యంత్రం చూసి పుస్తకంలో రాయించే పద్ధతి గురించి చెప్పాడు. గుమాస్తాను కాబట్టి నాకూ ఆ దారే తోచింది. లారీకి ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, పెడలు ఎంత దిగింది, డబ్బాలో నూనె ఎంత ఉంది, ఎంత పోశాం. లైనర్లు అరిగిన కొద్దీ నూనె కొంచెం దిగుతుంది. పోసిన కొద్దీ పడుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. 1986లో బండి అమ్మేదాకా ఆ పుస్తకం నడిచింది. డ్రైవరు చెప్పిన ఏ మాటకూ మళ్లీ "తర్వాత చూద్దాం" అనలేదు.

ఇప్పటి బండ్లు మెరుగు. హైడ్రాలిక్ బ్రేకులకు రెండు వరుసల గొట్టాలుంటాయి; ఒకటి పోయినా రెండోది కొంత ఆపుతుంది. పెద్ద లారీలకు గాలి బ్రేకులు వచ్చాయి; గాలి పోతే స్ప్రింగులే వెనక చక్రాలను పట్టేస్తాయి. అయినా మన పిల్లలు నడిపే ట్రాలీ ఆటోల్లో, కార్లలో ఉన్నది ఆ నూనే, ఆ రబ్బరే. ఇప్పటి బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడితే తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే కారకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. డబ్బా మీద రాసిన రకం తప్ప వేరేది పోయకూడదు. పెడలు మెత్తబడినా, దిగిపోయినా, బండి పక్కకు గుంజినా అదే రోజు చూపించాలి.

మన సంఘ సభ్యులకు ఒక మనవి. ఇంట్లో బండి ఉన్నవారు ఈ పేజీ పిల్లలకు చదివి వినిపించండి. మూడు రోజులు బండి నిలిస్తే పోయే కిరాయి ఎంతో అప్పుడు లెక్క వేశాను. ఆ హమాలీ మిగిలిన జీవితంలో మోయలేకపోయిన బస్తాల లెక్క ఏ పుస్తకంలోనూ రాయలేకపోయాను.