అక్షరవిభాగం: కంటికి ఒకటి, చెవికి ఒకటి

విశాఖ నౌకానిర్మాణశాలకు, చమురుశుద్ధి కర్మాగారానికి చేరువనున్న మల్కాపురం పేరును, కొత్తగా బడికి వెళ్ళే బాలుడు కూడబలుక్కొని చదివితే మ, ల్కా, పు, రం అంటాడు. పలకమీద కనబడేది అదే. ఆ పేరునే బస్సులో కండక్టరు కేకవేస్తే వినబడేది మల్, కా, పు, రం. రెండింటా లెక్క నాలుగే. లకారం మాత్రం స్థానం మారింది. ‘ల్కా’ అని ఆరంభించడానికి నాలుక మొరాయిస్తుంది, బాలుడు అక్కడే ఆగిపోతాడు. ఆ తడబాటును మందబుద్ధిగా ఎంచడం అన్యాయం. లిపి విభజన వేరు, శ్వాస విభజన వేరు.

ఈ భేదాన్ని వేదాధ్యాపకులు అతిప్రాచీనకాలంలోనే గుర్తించారు. ఆంధ్రదేశంలో అధికసంఖ్యాకులు అధ్యయనం చేసే కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖకు లక్షణగ్రంథమైన తైత్తిరీయ ప్రాతిశాఖ్యలో 21వ అధ్యాయం దీనినే విచారిస్తుంది. హల్లు స్వతంత్రంగా నిలువదు, అచ్చుకు అంగమవుతుంది. సామాన్యంగా తరువాతి అచ్చును ఆశ్రయిస్తుంది. విరామంలో ఉన్నదీ, సంయుక్తంలో మొదటిదీ మాత్రం పూర్వపు అచ్చుకు చెందుతాయి. అనుస్వారమూ అంతే. కనుక ‘సత్యం’ శ్రోత్రానికి సత్, యం. లిపిలో స, త్యం. సున్న విషయంలో మాత్రం తెలుగులిపి చెవితో ఏకీభవించింది: ‘సింధియా’లోని బిందువు సికారం పక్కనే కూర్చున్నది.

ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువు కావడానికి మూలం కూడా ఇదే. బాలుడు దానిని కంఠస్థం చేయవలసిన నియమంగా నేర్చుకుంటాడు. సత్, యం అని పలికించి చూపితే కారణం తానే వింటాడు.

తాళపత్రయుగంలో కంటికి సహాయం మరీ స్వల్పం. పదాల మధ్య ఎడం లేకుండా పంక్తి ఏకధారగా సాగేది. పైగా ‘ధర్మ’ వంటి మాటలో రేఫను వలపలగిలకగా మకారానికి కుడిపక్కన వ్రాసేవారు. కన్ను చివర చూసినదానిని నోరు ముందు పలకాలి. అయినా పాఠం నిలిచింది, ఎందుకంటే గురువు సంత చెప్పగా శిష్యుడు వల్లించేవాడు, చెవి ముందు నడిచేది. అచ్చుపుస్తకాలు వచ్చాక క్రమం మారింది. పెద్ద బాలశిక్ష గుణింతాలు చెప్పి, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అంటూ సోపానాలు కట్టింది. సోపానాలు మంచివే, కాని అక్కడ అక్షరమంటే కంటికి కనబడే అక్షరమే.

మల్కాపురం అనే పేరుగల మరొక గ్రామం గుంటూరుసీమలో ఉన్నది. అక్కడి 1261 నాటి కాకతీయ శాసనం, విశ్వేశ్వరశివాచార్యుల ధర్మసంస్థలో ఋగ్యజుస్సామాలకు ముగ్గురు అధ్యాపకులను, పద, వాక్య, ప్రమాణ, సాహిత్య, ఆగమాలకు ఐదుగురు వ్యాఖ్యాతలను పేర్కొంటుంది. పాఠం చెప్పేవారు వేరు, అర్థం విప్పేవారు వేరు. దీర్ఘపదాన్ని విడదీయడంలోనూ ఈ రెండు మార్గాలున్నాయి; వాటిని కలగలిపితేనే చిక్కు.

నిత్యసంకల్పంలోని ‘పరమేశ్వరప్రీత్యర్థం’ తీసుకొనవచ్చు. అర్థం కోసం పరమేశ్వర, ప్రీతి, అర్థం అని విడదీయాలి. ఉచ్చారణకు ఆ విభాగం చాలదు. అక్కడ ప, ర, మేశ్, వ, రప్, రీత్, యర్, థం అని సాగాలి. కంటికి లఘువుగా కనబడే రెండవ రకారం పకారపు బలంతో గురువైంది. అర్థవిభాగం మాత్రమే నేర్చినవాడు ‘పరమేశ్వర’ దగ్గర ఆగి, ‘ప్రీ’ని కొత్తగా ఎత్తుకుంటాడు, సమాసం రెండు ముక్కలవుతుంది. శ్వాసవిభాగం మాత్రమే నేర్చినవాడు నిర్దుష్టంగా పలుకుతాడు గాని ఎవరి ప్రీతికోసం సంకల్పిస్తున్నాడో ఎరుగడు. ఉపనయనమైన వటువుకు మొదటివారంలోనే ఈ ఒక్కమాటను రెండు విధాలా విడదీసి చెప్పడానికి పావుగంట చాలు. ముందు కళ్ళు మూసుకొని చెవితో, తరువాత పలకమీద.